ఎర్రముసుగువాడి కోసం కుస్తీ

కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసే ఆమెకు నలభై ఏళ్ళొచ్చినా ఇంట్లో ‘పిట్ట’ అన్న పిలుపు పోలేదు. కుస్తీ బొమ్మల పిచ్చీ పోలేదు. చిన్నప్పుడు అక్కతో మంచం మీద పోట్లాడించి కాళ్ళూ చేతులూ విరగ్గొట్టిన జానెడు వస్తాదుల్లాంటివాళ్ళనే ఇప్పుడు పాతసామాన్ల కొట్లలో వెతికి మరీ కొంటోంది. పళ్ళకు రంగు అద్దే సన్నకుంచెతోనే వాళ్ళ కనుబొమ్మలు దిద్దుతుంది. అలా ఇరవై ముగ్గురిని గాజుబీరువాలో నిలబెట్టి కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఇరవై నాలుగోవాడు ఎర్రముసుగువాడు. వాడు అక్క దగ్గరున్నాడు.

కొట్లో అలాంటివాడు దొరక్కపోడు. కానీ ముసుగు వెలిసిపోతే అక్క గోళ్ళరంగు పూసినవాడు, ఎడమచెవి పిట్ట కొరికేసినవాడు ఒక్కడే.

“ఊరికే ఇవ్వను,” అంది అక్క, బడిలో పిల్లలను హడలగొట్టే హెడ్మిస్ట్రెస్ గొంతుతో. “గెలిచి పట్టుకుపో.”

ఆదివారం పిట్ట తన బోడిగుండువాణ్ణి మెత్తటి గుడ్డలో చుట్టి, అక్కా అమ్మా ఉండే ఇంటికి తెచ్చింది. గీత పడని వస్తాదు వాడొక్కడే. పాత రూళ్ళే: వెల్లకిలా పడ్డవాణ్ణి మూడు లెక్కపెట్టేదాకా లేవనివ్వకూడదు; గెలిచినవాళ్ళు ఆ పూట ఎవరు సవాలు చేసినా కాదనకూడదు. లెక్కపెట్టేది ఎప్పటిలాగే అమ్మ.

మంచం మీద మొదలుపెట్టగానే అక్క ముసుగువాడు ఎగిరి దూకాడు. పిట్ట బోడిగుండును రెండువేళ్ళతో పట్టుకుని వెనక్కి లాగింది.

“ఏంటే, వాడికి దిష్టి తగులుతుందా?” అంది అక్క.

“రంగు పోతుందే!”

“అయితే బీరువాలోనే ఆడుకో.” అక్క బోడిగుండును వెల్లకిలా పడేసి అదిమింది.

“ఒకటి…” అంది అమ్మ. “రెండు…”

“అమ్మా, అక్క గెలిచేటప్పుడు తొందరగా లెక్కపెడతావు!”

“నీ అరుపులకే సగం లెక్క పోయింది.”

ఇంకొక్క అంకె. ముసుగువాడు అక్క ఇంట్లోనే ఉండిపోతాడు. పిట్ట రంగు సంగతి మరిచి, బోడిగుండును పిడికిట బిగించి పైకి లేపింది. మంచం తలాపు మీంచి ఒక్క దూకు దూకించింది. ఠప్పున చప్పుడు. ముసుగువాడు వెల్లకిలా, వాడిమీద బోడిగుండు, ఆ పైన పిట్ట మోచెయ్యి. అమ్మ మూడు లెక్కపెట్టేసింది.

బోడిగుండు ముక్కుమీద రంగు పెచ్చు లేచింది. ఏడుపొస్తుందనుకుంది పిట్ట. నవ్వొచ్చింది.

“తీసుకోవే,” అని అక్క ముసుగువాణ్ణి అందించబోయింది. మధ్యలో అమ్మ అందుకుంది.

“నాతో ఆడు.”

“నువ్వా?”

“పదేళ్ళు లెక్కపెట్టాను. ఒక్కనాడైనా ఆడమన్నారా మీరు? గెలిస్తే వీడు నావాడు.”

పిట్ట అక్క వైపు చూసింది. “రూలు రూలే,” అంది అక్క, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

అమ్మ కళ్ళజోడు సర్దుకుంది. కుడిచేత్తో ముసుగువాణ్ణి తిప్పుతూ, ఎడమచేత్తో పిట్టకు చక్కిలిగిలి పెట్టింది. బోడిగుండు చేతిలోంచి జారి వెల్లకిలా పడ్డాడు, ముసుగువాడు వాడిమీద కూర్చున్నాడు.

“తొండి! అమ్మా, తొండి!”

“ఒకటి రెండు మూడు,” అని అక్క ఊపిరి తీసుకోకుండా చదివేసింది.

పిట్ట పక్కమీద పడి నవ్వుతూనే ఉంది. అమ్మ ముసుగువాణ్ణి కళ్ళజోడు పెట్టెలో పెట్టి టప్పున మూసింది.

“వచ్చే ఆదివారం కావాలంటే మళ్ళీ రా,” అంది. “అన్నట్టు, ఆ పాతసామాన్ల కొట్టు ఎక్కడే? నాకూ ఒకడు కావాలి. కాస్త బరువైనవాడు.”