వెనక చక్రాల కూత

కుక్కలు కూడా లేచి వస్తున్నాయి, వీధి మలుపులో బ్రేకు తొక్కితే చాలు నేనేదో పిలిచాననుకుని నాలుగు కుక్కలు వెంటపడుతున్నాయి మేస్త్రీ అని టీచరమ్మ చెప్తుంటే నవ్వు రావలసిందే, కానీ పెద్ద మేస్త్రీకి నవ్వు మొహం దాకా రాలేదు, అప్పటికే అతని చెయ్యి వెనక ఎడమ చక్రం మీద ఉంది, రెండు వీధుల అవతలి నుంచి షెడ్డుకి వచ్చిన కారుకి అంత వేడి ఉండకూడదు, కుడి చక్రమూ అంతే, ముందు రెండూ మాత్రం ఏమీ ఎరగనట్టు ఉన్నాయి, బ్రేకు తొక్కినప్పుడే కూస్తుందామ్మా, ఊరికే పోతున్నా కూస్తుందా అని అడిగాడు, మొదట్లో తొక్కితేనే కూసేది, ఇప్పుడు దానికి వేళాపాళా లేదు అంది ఆవిడ, ప్లాస్టిక్ కుర్చీ నీడలోకి లాక్కుంటూ, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన గొంతు, తప్పు ఎక్కడుందో నువ్వే చెప్పు అన్నట్టు ఉంటుంది.

ముందు చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి వెనక జాకీ ఎత్తాడు, హ్యాండుబ్రేకు పూర్తిగా దించి చక్రాన్ని చేత్తో తిప్పితే ఒక్క చుట్టు కూడా తిరగలేదు, గరగరమని ఆగింది, లోపల డ్రమ్మును నొక్కిపట్టే బ్రేకు షూలు దాన్ని వదలడం లేదన్నమాట, చక్రం విప్పి డ్రమ్ము అంచు మీద సుత్తితో కొట్టాడు, మెల్లగా అన్నయ్యా, పగులుతుంది అనేవాడు తమ్ముడు, వాడికి అన్నీ మెల్లగానే, గంట పనికి పూట పట్టేది, షెడ్డుకి వచ్చేవాళ్లు వాడిని చిన్న మేస్త్రీ అనేవాళ్లు, వెళ్లిపోయి ఏడాది దాటింది, వేరే ఊళ్లో ఏదో కంపెనీ షెడ్డులో చేస్తున్నాడు, ఎప్పుడైనా ఫోనులో అంతా బాగేనా అంటే బాగే అంటాడు, అక్కడితో సరి, డ్రమ్ము ఊడి చేతిలోకి వచ్చింది, నిండా నల్లటి పొడి, ఊదబోయి ఆగి తడిగుడ్డ తీసుకున్నాడు, ఊదితే లోపలికి పోతుంది అన్నయ్యా, ఆ అలవాటు కూడా వాడు పెట్టిందే, తుడిస్తే షూల మీది రాపిడి పొర, లైనింగు, అద్దంలా మెరిసింది, మెరిస్తే కాలిందని లెక్క, కూత ఇక్కడిదే, ఎక్కడిదో తెలిసింది, ఎందుకో తెలియాలి.

ఎందుకో బండి లోపల దొరికింది, హ్యాండుబ్రేకు పిడి కింద రబ్బరు తొడుగు ఎత్తితే వెనక చక్రాలకి పోయే వైరును బిగించే నట్టు, మర చివరిదాకా బిగించి ఉంది, దాని మీద పసుపు రంగు చుక్క, తను బిగించిన ప్రతి నట్టు మీదా సన్న కుంచెతో తనే పెట్టే చుక్క, ఇంకెవరైనా ముట్టుకుంటే తెలియాలని, తమ్ముడు ఎప్పుడూ పెట్టలేదు, నిరుడు ఈవిడే వచ్చింది, బడి ముందు ఏటవాలులో బండి జారుతోంది మేస్త్రీ అంటే, ఎంతసేపమ్మా అని ఐదు నిమిషాల్లో ఈ నట్టు నాలుగు చుట్లు తిప్పి పంపించేశాడు, మొదట చక్రం విప్పాలి, షూలు సరిచెయ్యాలి, వైరు జోలికి చిట్టచివర పోవాలి, లోపలి వదులును పైనుంచి లాగి బిగిస్తే షూలు వెనక్కి వెళ్లవు, చక్రం వాటికి ఒరుసుకుంటూనే తిరుగుతుంది, ఈ సంగతి తనకి తెలియదా, తెలుసు, టైము లేక, అవతల ఏ బండీ లేదు ఆ రోజు, టైము లేక కాదు.

ఏం తేలింది అంది టీచరమ్మ, వైరు మరీ ఎక్కువ బిగించారమ్మా అన్నాడు, బిగించారు, ఎవరో ఆ మాటలో లేదు, మీ తమ్ముడి పనే అయ్యుంటుంది, ఆ అబ్బాయి చేతిలోనే కదా అప్పట్లో టాక్సీ చక్రం తగలబడింది, పోనీలే, ఎక్కడున్నా చల్లగా ఉండనీ అని ఆవిడే అనేసింది, ఊ అంటే సరిపోతుంది, ఊ కూడా అక్కర్లేదు, తల వంచుకుని లైనింగును గరుకు కాగితంతో రుద్దుతూ ఉంటే చాలు, రుద్దుతున్నాడు, మెరుపు పోయి మట్టిరంగు తేలుతోంది, ఆ రోజూ ఇలాగే, టాక్సీ డ్రమ్ములోంచి పొగ వస్తుంటే టాక్సీ ఆయన ఎవడు చేశాడీ పని అని అరుస్తున్నాడు, చుట్టూ పదిమంది, వాడే అని వచ్చేసింది తన నోట్లోంచి, చక్రాల పని ఎప్పుడూ వాడిదే కదా, అలాగే అనుకున్నాడు, తమ్ముడు టాక్సీలోకి వంగి రబ్బరు తొడుగు ఎత్తి చూసి మళ్లీ మూసేశాడు, సరే అన్నయ్యా అన్నాడు, వాడు ఏం చూశాడో తను వెళ్లి చూడలేదు, చూస్తే ఏం కనిపిస్తుందో తెలుసుకోడానికి, ఆ వారమంతా బండ్ల వైర్లు ఎవరు బిగించారో తెలిసినవాడు చూడక్కర్లేదు.

నట్టు వదులు చేశాడు, షూలు వెనక రేకుకి ఒరుసుకునే చోట కాస్త గ్రీజు పూసి సరిచేశాడు, రెండో చక్రానికీ అంతే చేశాడు, అన్నీ బిగించాక చక్రాన్ని తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది, అది తిరుగుతుండగా, తమ్ముడిది కాదమ్మా, నాదే, టాక్సీదీ నాదే అన్నాడు, టీచరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని, ఆ అబ్బాయికి తెలుసా అంది, మొదటి రోజే తెలుసమ్మా అన్నాడు, మరి నీకు తెలుసని అతనికి తెలుసా అంది.

తమ్ముడు అలిగి పోయాడని కదా తను అందరికీ చెప్పుకున్నాడు, అలిగినవాడు టాక్సీ గొడవ రోజే పోతాడు, వాడు రెండు రోజులున్నాడు, స్పానర్లన్నీ కిరసనాయిల్లో కడిగి వరసగా తగిలించాడు, రెండు సాయంత్రాలూ షట్టరు సగం దించి, తాళం చేత్తో పట్టుకుని, ఇంకేమైనా ఉందా అన్నయ్యా అని అడిగాడు, ఏముంటుంది, తాళం వెయ్యి అన్నాడు తను, రెండో రోజూ అదే అడిగాడు, తనూ అదే అన్నాడు, మూడో పొద్దున వాడి చేతిలో సంచి ఉంది, ఇక్కడ చక్రం ఇంకా తిరుగుతోంది, ఆ రెండు సాయంత్రాలూ పని గురించి అడుగుతున్నాడనుకున్నాడు తను, వాడు అడిగింది పని గురించి కాదు.