వెనక సీటు కింద మోత

ఫ్యూయల్ పంపు పనిచేస్తోందో లేదో చెప్పడానికి ఆ కార్ల రిపేరు షెడ్డులో ఏ పరికరమూ అక్కర్లేదని పేరు. తాళం తిప్పగానే, ఇంజను అందుకోకముందు, వెనక సీటు కింద పంపు ఒక్క క్షణం జుమ్మంటుంది. మేస్త్రి అక్కడ చెవి ఆనించి తీర్పు చెప్పేవాడు. అందుకే అందరికీ అతడు ‘చెవి మేస్త్రి’. ఆ చెవి మీదే షెడ్డు నిలిచింది, ఇల్లు నడిచింది.

ఈమధ్య ఆ తీర్పులే తిరిగి వస్తున్నాయి. పోయిన వారం కొత్త పంపు వేయించుకున్న టాక్సీ, ఇవాళ తాడు కట్టించుకుని మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

“పొద్దున్నే స్టార్టవ్వమని దీని కాళ్ళు పట్టుకోవాల్సి వస్తోందన్నా,” అన్నాడు డ్రైవరు. “నువ్వు వేసింది పంపా, పంపు ఫొటోనా?”

మేస్త్రి నవ్వలేదు. తాళం తిప్పించి సీటుకు చెవి ఆనించాడు. నిశ్శబ్దం.

“ఇదీ చచ్చింది. సరుకే నాసి.”

ఈలోగా అతని బావమరిది, షెడ్డులో అతనికి కుడిభుజం, ఇంజను దగ్గర పెట్రోలు గొట్టానికి ప్రెషరు గేజీ తగిలించి మళ్ళీ తాళం తిప్పించాడు. ముల్లు చటుక్కున లేచింది.

“పంపు తిరుగుతోంది బావా.”

“గేజీకి పిచ్చెక్కింది.”

“మోత నాకు వినబడింది.”

మేస్త్రి మొండివాడే కాని, రుజువుకు మొహం చాటేసే మనిషి కాదు. ‘ఈ బండి నాకు అచ్చిరాలేదు’ అన్నవాళ్ళందరికీ కారణాన్ని విప్పి చేతిలో పెట్టినవాడు. ఆ న్యాయం తనకూ వర్తించాలి.

“కళ్ళు మూసుకుంటాను. నీకు తోచినప్పుడు తిప్పు. వినబడగానే చెయ్యెత్తుతా. జాలిపడి తట్టి చెప్పావో, మీ అక్కతో చెప్తా.”

“చెప్పుకో. అక్క ఎప్పుడూ నా పక్షమే.”

మేస్త్రి కళ్ళు మూసుకుని సీటుకు చెవి ఆనించాడు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత, సన్నగా, తెంపు లేకుండా, మోత వచ్చింది. గుండె మీది బండ దిగినట్టయింది. చెయ్యెత్తాడు.

ఒక్క క్షణంలో ఆగాల్సిన మోత ఆగలేదు. కళ్ళు తెరిచాడు. బావమరిది కారు బయట నిలబడి ఉన్నాడు. తాళం అతని అరచేతిలో ఉంది.

“ఇందాక రెండుసార్లు తిప్పాను బావా. నువ్వు కదల్లేదు. ఇప్పుడు...”

మేస్త్రి రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. మోత తగ్గలేదు, పెరిగింది. అది ఎక్కడినుంచి వస్తోందో తేల్చడానికి మరో పరీక్ష అవసరం లేకపోయింది. మూలనున్న ఇనుప కుప్ప వైపు చూశాడు. తన మాట మీద ఊడదీసిన ఆ పంపుల్లో ఎన్ని బతికుండగానే అక్కడ పడ్డాయో!

బావమరిది తల దించుకుని ఇంజను దగ్గరికి వెళ్ళాడు. పెట్రోలు వెనక్కి జారకుండా, ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని బిగించి పట్టుకుని చూశాడు. అయినా ముల్లు మెల్లగా పడిపోతూనే ఉంది.

“పంపు మంచిదే. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కారుతోంది,” అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

డ్రైవరు మేస్త్రిని దాటుకుని అతని పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

“తమ్ముడూ, సాయంత్రానికి ఇచ్చేస్తావా?”

ఆ మాట మాత్రం మేస్త్రికి స్పష్టంగా వినిపించింది.