షహాతా హాజీ మేలురకం కోళ్లు

నైలు పిల్లకాలువ ఒడ్డునున్న షహాతా హాజీ ఫారం కోళ్లను తినని ఇల్లు మన్సూరా చుట్టుపక్కల లేదు, ఒక్క హాజీ ఇల్లు తప్ప. దాణాతో ఉబ్బిన సరుకు ఊరివాళ్లకు చాలునని ఆయన ఉదారబుద్ధి. కూతురు రావ్యాకు పెళ్లయిన ఎనిమిదేళ్లకు కడుపు పండింది, ఇప్పుడు నాలుగో నెల. ఆమె కోసం మేడ మీద ప్రత్యేకంగా ఎర్రకోళ్లు పెంచుతున్నాడు. అవి ఎండలో తిరుగుతాయి, చెత్త కెలుకుతాయి, వీధి పిల్లులతో సామరస్యంగా కాపురం చేస్తాయి. వారానికి రెండు కోసి, రక్తం పడుతుందని కార్జాన్ని పెనానికి అలా చూపించి ఇలా తీసి, తన చేత్తోనే కూతురికి తినిపిస్తాడు.

అంతటి మహానుభావుడి ఫారానికి ప్రభుత్వ పశువుల డాక్టరు నగ్వాన్ వచ్చింది. కోళ్ల నుంచి మనుషులకు పాకే పరాన్నజీవులున్నాయేమో చూడాలి, పది కోళ్ల రెక్కల్లోంచి నెత్తురు తీయాలి అంది.

"టీ తాగకుండా పనేంటి డాక్టరమ్మా, కూర్చో. లోపల కంపు నీకెందుకు, కోళ్లను నేనే పట్టుకొస్తా."

ఆమె టీ తాగేలోపు హాజీ పక్కనే ఉన్న తన ఇంటి మేడెక్కి గంప నింపుకొచ్చాడు. షెడ్డులోవీ ఎర్రవే కనుక తేడా కనిపెట్టే నాథుడు లేడు. ప్రభుత్వాన్నే బురిడీ కొట్టించానని ఆ వారమంతా మీసం మెలేస్తూ తిరిగాడు.

రెండు వారాలకు నగ్వాన్ కాగితంతో వచ్చింది.

"పదింట్లో ఏడింటికి ఉంది హాజీ గారూ. పిల్లి పెంట నుంచి కోడికి, సరిగా ఉడకని మాంసం నుంచి మనిషికి వస్తుంది. మామూలు వాళ్లకు జ్వరంతో పోతుంది. కడుపులో బిడ్డకు సోకితే మాత్రం కళ్లూ మెదడూ దెబ్బతినొచ్చు. షెడ్డు మూసెయ్యాలి. అయినా షెడ్డు చుట్టూ అంత గట్టి ఇనుప వల ఉంటే పిల్లులెలా దూరాయండీ?"

రేపటికి లారీ ఎక్కాల్సిన కోళ్లు హాజీకి గుర్తే లేవు. వేళ్ల మీద కార్జాలు లెక్కబెట్టుకుంటున్నాడు. రెండు చేతుల వేళ్లూ చాలలేదు.

"పోనీ, మీ ఇంట్లో ఈ కోళ్లు తినరటగా, అదృష్టం," అంది నగ్వాన్ సంతకం కోసం కాగితం ముందుకు జరుపుతూ.

"ఆ రోజు గంపలో తెచ్చినవి షెడ్డువి కావు తల్లీ," అన్నాడు హాజీ, కాగితం ముట్టుకోకుండా. "మా అమ్మాయి కోసం పెంచినవి. ముందు దాని నెత్తురు తీయించు."