రెండో మీట

పేరుకు అది అమెరికా మాజీ ప్రెసిడెంటు హ్యాడ్లీ లైబ్రరీ. చదువుకుందామంటే ఒక్క పుస్తకం చేతికందదు. ఆ గుట్టు పిల్లలు గుమ్మంలోనే పట్టేస్తారు.

"పుస్తకాలేవి టీచర్?" అని ఆ రోజూ ఒక పిల్ల అడగనే అడిగింది.

"పదవి దిగిన ప్రెసిడెంటుకి ఇలాంటిదొకటి కడతారమ్మా," అంది డోరీన్. "ఆయన కాగితాలన్నీ లోపల పెట్టెల్లో ఉంటాయి. వాటిని చదవడానికి పెద్దవాళ్ళు వస్తారు. మనకు చూపించేవి ఆయన బూట్లు, వాళ్ళావిడ గౌన్లు, కుక్క పడుకున్న పరుపు."

"అంటే గొప్పలు చెప్పుకునే ఇల్లన్నమాట!"

"నెమ్మదిగా తల్లీ, డైరెక్టరుగారు వింటారు."

నెబ్రాస్కా బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన డోరీన్, ఇక్కడ జీతం లేకుండా పిల్లలకు అన్నీ చూపిస్తుంది. ఆమెకు ఒళ్ళు మండేది ఒక్కచోటే, పిల్లల కోసం పెట్టిన తెర ఆట దగ్గర. ఆ ఆట పేరు 'మీరే ప్రెసిడెంటు'. తెర మీద కుండపోత వాన. ఆనకట్ట బీటలిచ్చింది. కింద లోయలో ఊరు. ఎన్నికలేమో ముంచుకొస్తున్నాయి. ఊరు ఖాళీ చేయించాలంటే ఎర్ర మీట, ఆగి చూడాలంటే పచ్చ మీట. పిల్లలు ఎప్పుడూ ఎర్రదే నొక్కుతారు. వెంటనే ప్రెసిడెంటు హ్యాడ్లీ పాత గొంతు, "అయ్యో, తొందరపడ్డారు! మంచి నాయకుడు కంగారుపడడు" అంటుంది. పచ్చది నొక్కితే చప్పట్లు, పైగా ఒక కాగితం టోపీ.

అలా ఆగి చూసిన హ్యాడ్లీ హయాంలో నిజంగానే ఆ కట్ట తెగిందనీ, ఊరు కొట్టుకుపోయిందనీ ఆ తెర చచ్చినా చెప్పదు. ఆ నీళ్ళలోనే డోరీన్ చెల్లెలు ఐలీన్ పోయింది. ఆ ముక్క ఒక్క పలక మీదైనా రాయించండని డోరీన్ ఎన్నిసార్లు బతిమాలిందో లెక్కలేదు. "పిల్లలు జడుసుకుంటారండీ," అనేవాడు డైరెక్టరు ప్రెస్కాట్. ఆమె నోరు మూసుకుని టోపీలు పంచేది, ఇంటికెళ్ళి ఏడ్చేది.

ఆ రోజు హ్యాడ్లీ పుట్టినరోజు. ముసలాయన కర్ర పట్టుకుని స్వయంగా వచ్చాడు. ప్రెస్కాట్ వంగిన నడుము ఎత్తకుండా, "ఇటు సార్, కేకు అటు సార్" అంటూ ముందు నడుస్తున్నాడు.

"ప్రెసిడెంటు తాతా, మాతో ఒక ఆట ఆడవా!" అని పిల్లలు చుట్టుముట్టారు.

ఆయన పాత ఉపన్యాసాల టేపుల్లోంచి గొంతు ఏరి ఆట తయారుచేయించింది ఆయన భక్తులు. ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదు. వానను చాలాసేపు చూసి, ఎర్ర మీట నొక్కాడు.

"అయ్యో, తొందరపడ్డారు!" అంది ఆయన గొంతే.

పిల్లలు పడీపడీ నవ్వారు. "తాతకి తన ఆటే రాదు!"

ఆయన నవ్వలేదు. మళ్ళీ ఎర్రదే నొక్కాడు. ఇంకోసారీ అదే.

"మిషను పాడైంది సార్!" ప్రెస్కాట్ పరుగెత్తుకొచ్చాడు.

"మిషను బాగానే ఉంది," అంది డోరీన్. "మా చెల్లెలు ఆ ఊళ్ళోనే ఉండేది సార్."

హ్యాడ్లీ ఆమె వంక చూశాడు. "అప్పుడు నొక్కాల్సింది దీన్నేనమ్మా," అన్నాడు. ప్రెస్కాట్ ఆయన్ని కేకు దగ్గరకు లాక్కుపోయాడు.

మర్నాటికల్లా ఆటకు మరమ్మతు అయింది. ఎర్ర మీట పీకేసి, ఆ బొక్క మీద ఇత్తడి బిళ్ళ బిగించారు. ఇక ఎవరొచ్చినా గెలుపే, అందరికీ టోపీయే.

"ఒక్క మీటతో ఇదేం ఆట టీచర్?" అన్నాడు ఆ వేళ వచ్చిన పిల్లల్లో ఒకడు.

పక్కనే ప్రెస్కాట్ నిలబడి ఉన్నాడు. డోరీన్ అతనికీ వినబడేలా గొంతు పెంచింది.

"రెండోది ఉండేది నాన్నా, ఊరిని ఖాళీ చేయించే మీట. నిన్న ప్రెసిడెంటుగారే వచ్చి దాన్ని నొక్కారు. అందుకే పీకేశారు."