నాయిన నడక

మానుకోట రైల్వేస్టేషన్ బయట ఆ మనిషిని చూసినప్పుడు ప్రేమలతకు ముందుగా కలిగింది భయం కాదు, సంతోషం. నాయిన వస్తున్నాడనుకుంది. ఎడమ భుజం ఉన్నట్టుండి ఎగరడం, కుడికాలు వేయబోయి ఆగి పక్కకు జారడం, మళ్ళీ సర్దుకోవడం. తాళం తప్పిన చిందులాంటి ఆ నడకను ఆమె ఏళ్ళ తరబడి చూసింది. నాయిన పోయి ఆరేళ్ళయిందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు వేసింది భయం.

అతను దగ్గరికొచ్చాడు. తలకు రుమాలు చుట్టుకున్న లంబాడా మనిషి, నలభైకి అటూ ఇటూ. మొహంలో నాయిన పోలిక ఏమీ లేదు. ఒక ముసలామె అతని మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఆమె ప్రేమలతను చూసి ఆగింది. కాసేపు అలాగే చూసి, ముసుగు ముందుకు లాక్కుని, కొడుకును గబగబా బస్సు వైపు తీసుకుపోయింది.

ప్రేమలత అక్కడే మానుకోట బడిలో టీచరు. ఆమె తండ్రి వెంకట్రాం కొడకండ్ల దగ్గర ఒక ఊరికి పటేలు. అరవై తొమ్మిది ఉద్యమంలో జనగామలో ఆయన తలకు లాఠీ దెబ్బ తగిలింది. ఆ మరుసటేడు నుంచి చేతులు, కాళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. చివరి రోజుల్లో గంజి కూడా గొంతు దిగలేదు. "తెలంగాణ కోసం దెబ్బతిన్న మనిషి" అని ఊరు ఆయన్ను కళ్ళకద్దుకుంది. ఇంట్లోవాళ్ళకు ఆ మాటే ఊరట.

ఇప్పుడు ఆమె అన్న దయాకర్ వంతు వచ్చింది. జనగామలో ఎరువుల దుకాణం నడిపే మనిషి. చాయ్ గ్లాసు జారవిడుస్తున్నాడు, కొనవచ్చిన రైతులను తిడుతున్నాడు, ఊరికే కూర్చున్నా వేళ్ళు హార్మోనియం వాయిస్తున్నట్టు ఆడుతున్నాయి. చాటుగా తాగుతున్నాడని వదిన సరళ అనుమానం. స్టేషన్ దగ్గర ఆ నడక చూసిన వారానికే ప్రేమలత అన్నను హైదరాబాదులో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు తొందరలేని మనిషి. నాలుక బయటపెట్టి అలాగే ఉంచమన్నాడు. బల్లి సందులోకి దూరినట్టు దయాకర్ నాలుక లోపలికి పోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పోయింది. తన రెండు వేళ్ళు గట్టిగా పట్టుకోమన్నాడు. పిడికిలి బిగిసి, వదిలి, బిగిసి, పాలు పిండుతున్నట్టు ఆడింది. దయాకర్‌ను బయట కూర్చోబెట్టి ప్రేమలతను తండ్రి గురించి అడిగాడు.

"లాఠీ దెబ్బ సార్," అంది.

"లాఠీ దెబ్బ కొడుక్కు రాదమ్మా. దెబ్బకు ముందు ఆయన ఎట్లా ఉండేవాడు?"

బాగానే ఉండేవాడు అనబోయి ఆగిపోయింది. అరవై ఎనిమిదిలో తన పెళ్ళి. నాయిన చేతిలోంచి తలంబ్రాల పళ్ళెం జారి పందిట్లో బియ్యమంతా చెల్లాచెదురైంది. అపశకునమని అమ్మ ఏడ్చింది. అది దెబ్బకు ఏడాది ముందు. తాత నలభై అయిదో ఏట బావిలో పడి పోయాడు. కాలు జారిందన్నారు.

ఆమె చెప్పిందంతా విని డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. "దీన్ని హంటింగ్టన్ కొరియా అంటారు. చాలా అరుదు. మెదడులో ఒక భాగం మెల్లగా ఎండిపోతుంది. వంశంలో దిగుతుంది. తండ్రికో తల్లికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ముందుగా తెలుసుకునే పరీక్ష లేదు. కుదుర్చే మందు కూడా లేదు, ఆ ఊపు తగ్గడానికి మాత్రలిస్తాను." కాగితం ముందుకు లాక్కున్నాడు. "మీ నాయినకు ఎంతమంది పిల్లలు?"

ఆమె కళ్ళ ముందు స్టేషన్ మెరిసింది.

"ఇద్దరమే సార్," అంది.

తర్వాత మూడు వారాలు ఆమె తన చేతుల్ని తనే కాపలా కాసింది. బోర్డు మీద సుద్దముక్క విరిగితే వేళ్ళు చాచి చూసుకునేది. అన్నం తింటున్న ఇద్దరు పిల్లల వేళ్ళ వంక చూసి చూపు తిప్పుకునేది. చివరికి ఉండబట్టలేక స్టేషన్ చాయ్ హోటల్లో ఆ మనిషి గురించి అడిగింది.

"భోజ్యా గదా," అన్నాడు హోటలాయన సోమయ్య. "తుల్సీబాయి కొడుకు. బాణామతి జేసిండ్రట టీచరమ్మా. తండల గంగి అని ముసల్ది ఉన్నది, దాని పనే అంటున్నరు. ఐతారం దాని పండ్లు పీకుతరట, మంత్రం పలుకకుండ."

ఆదివారం పొద్దున్నే ఆమె బస్సు దిగి తండాకు నడిచింది. తుల్సీబాయి గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. తలెత్తి చూసింది.

"వస్తవని ఎరుకే. ఆ దినం నీ మొఖం జూసిన, అచ్చం మీ నాయిన మొఖమే. నీకు సమజైందని నాకూ సమజైంది."

"మా నాయినేనా?"

చేట ఆగింది. "మీ పొలాలల్ల వెట్టికి వస్తుంటిమి. నాకు పెండ్లయి మూడు నెలలు. మీ నాయిన నన్ను అడిగిండా, పెట్టిండా? పటేలు కొడుకు." మళ్ళీ చెరగసాగింది. "అటెనుక ఈడికొచ్చినం. శాన ఏండ్లకు కొడకండ్ల అంగట్ల గాయిన నడుస్తుంటె జూసిన. దేవుడు శిక్షేసిండనుకొని సంబురపడ్డ, బిడ్డా. నా కొడుకు గట్లనే నడిచే దినం దాక."

"గది శిక్ష గాదవ్వా," అంది ప్రేమలత. "రక్తంల వచ్చే రోగం. మా అన్నకూ ఉన్నది. గంగి ఏం జెయ్యలే."

"జెయ్యలేదని నాకు ముందుగాల్నే తెలుసు."

"మరి?"

"మరి ఏం జెప్పాలె? చెప్తె నా బతుకేంగావాలె?"

"నేను జెప్త. నీ పేరు తియ్య."

తుల్సీబాయి ఆమె వైపు జాలిగా చూసింది. "నా పేరు తియ్యకుంట ఎట్ల జెప్తవ్?"

తండా పెద్ద నాయకు ఇంటి ముందు మగవాళ్ళంతా చేరారు. మధ్యలో గంగి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నులక మంచం మీద భోజ్యా, నిలవని వేళ్ళను తొడల కింద నొక్కిపెట్టుకుని ఉన్నాడు. నాయకు చేతిలో పటకారు. ప్రేమలత ముందుకు వెళ్ళి, తన తండ్రికీ అన్నకూ ఇదే రోగమనీ, పెద్ద డాక్టరు చెప్పాడనీ, ఇది మంత్రం కాదనీ చెప్పింది. వాళ్ళు మర్యాదగానే విన్నారు.

"మీ వంశంల రోగమైతె మా భోజ్యాకెందుకొస్తది అమ్మా?" అన్నాడు నాయకు.

అప్పుడు వెనకనుంచి తుల్సీబాయి వచ్చి ముసుగు తొలగించి నిలబడింది. తమ భాషలో నాలుగు మాటలు చెప్పింది. ప్రేమలతకు అర్థమైంది ఒక్క పేరే, వెంకట్రాం పటేలు. ఎవరూ అరవలేదు. నాయకు పటకారు కింద పెట్టాడు. గంగి లేచి ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. భోజ్యా తల ఎత్తలేదు.

ప్రేమలత బస్సు కోసం నిలబడి ఉంటే భోజ్యా రోడ్డు దాకా వచ్చాడు.

"గాయిన ఎట్ల పోయిండు?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకుంది, చెప్పలేకపోయింది. "తినలేక. తొమ్మిదేండ్లు పట్టింది."

"నొప్పుంటదా?"

"నొప్పి లేదు. కోపం మస్తుగుంటది."

అది తనకు తెలుసన్నట్టు తలూపాడు. "నాకు ముగ్గురు పోరగాండ్లు. వాండ్లకు జెప్పాల్నా?"

"నేను మా పిల్లలకు ఇంక జెప్పలె."

"నేను గూడ జెప్ప," అన్నాడు. "ఆడుకోనీ."

నెల తిరక్కుండానే గంగి భూపాలపల్లి వైపు కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. పళ్ళు దక్కాయి కానీ అన్నాళ్ళు తనను అలా చూసిన కళ్ళ మధ్య నీళ్ళు కూడా తాగలేనందట. సంగతి తెలిసి దయాకర్ మండిపడ్డాడు. "నాయినకు మిగిలింది గా పేరొక్కటే, గది గూడ తీసినవ్," అని చెల్లెలితో మాట్లాడడం మానేశాడు. రెండేళ్ళకు అతని మాటే పోయింది.

ప్రేమలత నెలనెలా మాత్రలు తీసుకుని తండాకు వెళ్ళేది. తుల్సీబాయి ఒక్కసారి కూడా ఆమె చేతిలోంచి అందుకోలేదు. "గోడ మీద పెట్టి పో," అనేది. ఆమె బస్సెక్కేదాకా ఆ పొట్లం గోడ మీదే ఉండేది.