శ్రావణం దాకా ఆగుతారా అండీ?

ఆఫర్ లెటర్ వచ్చేసరికి మా పెళ్ళయి నెల కూడా కాలేదు. ఆషాఢం మొదలై మాత్రం పదో రోజు. అంటే నేను మండపేటలో పుట్టింట్లో ఉన్నాను, మా ఆయన భానుతేజ సామర్లకోటలో వాళ్ళింట్లో ఉన్నారు. మధ్యలో నలభై కిలోమీటర్లు కూడా లేవు. కానీ ఈ నెలంతా కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తవారింటి గుమ్మం తొక్కకూడదు. ఈ విషయంలో మా రెండిళ్ళల్లోనూ రెండో మాట లేదు.

దిగులు లేదంటే అబద్ధం. కానీ నా సంతోషాలు నాకున్నాయి. మెడలో పసుపుతాడు ఇంకా కొత్తది కావడంతో ఏ కుర్తా వేసుకున్నా మెడ దగ్గర పసుపు మరక పడుతుంది. అమ్మ ఉతకలేక విసుక్కుంటుంది. నాకేమో ఆ మరక చూస్తే నవ్వొస్తుంది. ఆయన రోజూ సాయంత్రం బ్యాంకు నుంచి వస్తూ స్టేషన్ దగ్గర టీ తాగి ఫోటో పంపిస్తారు. ఫోటోలో రెండు గ్లాసులుంటాయి.

"రెండోది ఎవరు తాగుతున్నారండీ?" అని అడిగాను ఒకరోజు.

"నేనే. నీ పేరు చెప్పి."

ఉద్యోగం భీమవరంలో, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో. రైతులు సీసాల్లో నీళ్ళు తెస్తారు. వాటిలో ఏ జబ్బు దాగుందో కనిపెట్టి, చెరువు చేజారకముందే చెప్పాలి. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసిన రెండేళ్ళూ నేను కోరుకున్నది సరిగ్గా ఇలాంటి పనే. మే నెలలో ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు యజమాని జోగేశ్వరరావు గారు ఒక గాజు ప్లేటు నా ముందుకు తోసి, "ఇదేంటో చెప్పమ్మా" అన్నారు. ప్లేటు నిండా ఆకుపచ్చ చుక్కలు, రొయ్యని చంపే సూక్ష్మజీవులవి. "ఈ చెరువుకి ఎక్కువ టైమ్ లేదండి" అన్నాను. ఆయన ప్లేటు వెనక్కి లాక్కుని, ఇక వెళ్ళి రమ్మన్నారు. ఉద్యోగం రాదనుకుని పెళ్ళి చేసుకున్నాను. ఇప్పుడు లెటర్ పంపి, మూడు రోజుల్లో ఏ సంగతో చెప్పమన్నారు.

భీమవరానికీ సామర్లకోటకీ రోజూ తిరగడం అయ్యే పని కాదు. ఒప్పుకుంటే నేనక్కడ హాస్టల్లో, ఆయనిక్కడ. ఏడాదంతా ఆషాఢమే. వదులుకుంటే ఇలాంటి పని మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఫోన్ చేసి ఆయన్ని అడిగాను. "నీ ఇష్టం సుధా" అన్నారు.

"నిజంగానా?"

"నిజంగానే. నీ ఇష్టం."

ఆ మాట ఫోన్‌లో వినాల్సిన మాట కాదు. ముఖం చూస్తూ వినాలి. వీడియో కాల్ చేస్తే ఆయన ఫోన్‌లో ఎప్పుడూ సీలింగ్ ఫానూ, సగం చెవీ కనిపిస్తాయి. వాటిని చూసి జీవితం ఎలా తేల్చుకోను? ఆషాఢం దాటి ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే దాకా గడువు కావాలి. రెండో రోజు మంచి ఇంగ్లీషులో ఒక మెయిల్ రాశాను. కృతజ్ఞతలు చెప్పి, కొన్ని వ్యక్తిగత కారణాల వల్ల జూలై ఇరవై ఐదు దాకా ఆలోచించుకునే సమయం ఇమ్మని కోరాను. ఆషాఢం సంగతి రాయడానికి సిగ్గేసింది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల అలాంటి కారణం చెబుతుందా అని నవ్వుతారనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ నాకు రెండు చేతులకీ గోరింటాకు పెట్టింది. పది వేళ్ళకీ ముద్దలు పెట్టుకుని మంచం మీద బొమ్మలా కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. జోగేశ్వరరావు గారు!

"అమ్మా, ఫోను! త్వరగా!"

అమ్మ పరిగెత్తుకొచ్చి మోచేత్తో కళ్ళజోడు సర్దుకుని ఏదో నొక్కింది. స్పీకర్ ఆన్ అయింది.

"ఏమ్మా సాయిసుధా, మెయిల్ చూశాను. వ్యక్తిగత కారణాలంటే ఏంటి? వేరే ల్యాబ్ వాళ్ళు ఎక్కువిస్తామన్నారా? ఉన్నమాట చెప్పు. ఇక్కడ సీజను. నీళ్ళ సీసాలు గుమ్మం దాకా వచ్చేశాయి. నువ్వు కాదంటే ఈ సాయంత్రం ఇంకో అమ్మాయిని పిలుచుకుంటాను."

"అయ్యో, అదేం కాదండి..."

"మరేంటి?"

అమ్మ నాకేసి చూసింది. నేను గోరింటాకు కేసి చూసుకున్నాను.

"ఆషాఢం అండి" అన్నాను.

"ఆషాఢమా?" అన్నారాయన.

"కొత్తగా పెళ్ళయిందండి. మా ఆయన సామర్లకోటలో ఉన్నారు. ఈ నెల మేం కలవకూడదు కదండీ. ఉద్యోగం గురించి ఆయనతో ఎదురుగా కూర్చుని మాట్లాడాలండి. ఫోన్‌లో నీ ఇష్టం, నీ ఇష్టం అంటున్నారు. ఆ ముఖం చూస్తేగానీ నాకు తెలీదండి. నాకు ఈ ఉద్యోగం చాలా కావాలండి. శ్రావణం దాకా ఆగుతారా అండీ?"

ఆయన ఫోను కూడా స్పీకర్‌లోనే ఉన్నట్టుంది, ఆయన నోరు తెరిచేలోగా ఒక ఆడగొంతు వినిపించింది. "ఆగుతారమ్మా, ఎందుకాగరు?"

"మీనా, నువ్వుండు, ఆఫీసు విషయం..."

"మీరే ఉండండి. మన ఆషాఢంలో మీరు పాలకొల్లు బస్టాండుకి ఎన్నిసార్లొచ్చారో ఆ పిల్లకి చెప్పనా? బస్సు తప్పిపోయిందని ఒకసారి, గొడుగు మర్చిపోయానని ఒకసారి..."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జోగేశ్వరరావు గారు గట్టిగా దగ్గారు. "సరేనమ్మా. ఇరవై ఐదు దాకా ఆ సీటు ఎవరికీ ఇవ్వను. కానీ ఒక మాట. ఏం చూసి ఒప్పుకుంటాడు మీ ఆయన మాత్రం? రెండో శనివారం బ్యాంకులకి సెలవు కదా, ఇద్దరూ వచ్చి ల్యాబ్ చూసి వెళ్ళండి. మాట్లాడుకోండి."

నేను భయంగా అమ్మ వైపు చూశాను. అమ్మ ఫోన్ దగ్గరికి వంగి, "వస్తుందండి. ల్యాబ్ ఎవరి గడపా కాదు కదండీ" అంది.

ఆ ఇద్దరాడవాళ్ళనీ ఒకేసారి కౌగిలించుకోవాలనిపించింది. చేతులు ఖాళీ లేవు.

శనివారం రావులపాలెంలో బస్సు మారి భీమవరం చేరేసరికి ఆయన ల్యాబ్ బయట నిలబడి ఉన్నారు. తెల్లవారకముందే రైలెక్కారట. చొక్కా నలిగిపోయింది. చేతిలో స్టీలు డబ్బా. "అమ్మ పనసపొట్టు కూర పంపింది. గడప దాటకూడనిది మనుషులేగానీ కూర కాదంది" అన్నారు. మా అత్తగారు లోవలక్ష్మి గారు ఎక్కువ మాట్లాడరు. ఆ ఒక్క మాటకే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. పదహారు రోజుల తర్వాత చూస్తున్నాను ఆయన్ని. రెండు చెవులూ ఉన్నాయి!

లోపలికి వెళ్ళగానే జోగేశ్వరరావు గారు నా చేతులు చూసి, "బాగానే పండింది. దాని మీద గ్లౌజులు వేసుకో. ఎలాగూ వచ్చావు, ఇది చూడు" అని ఒక ప్లేటు ఇచ్చారు. ఎదురుగా వీరాస్వామి అనే రైతు, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చెరువు నీళ్ళే అవి. చుక్కలు దాదాపు అన్నీ పసుపు రంగులోనే ఉన్నాయి. అక్కడక్కడ ఒకటీ రెండూ ఆకుపచ్చవి. రెండుసార్లు లెక్కపెట్టాను.

"ఇప్పటికి పర్వాలేదు బాబాయ్ గారూ. మేత కొంచెం తగ్గించండి. నాలుగు రోజులాగి మళ్ళీ నీళ్ళు తీసుకురండి."

"నిజమేనామ్మా? రొయ్య దక్కుతుందా?"

జోగేశ్వరరావు గారు ప్లేటు తన చేతిలోకి తీసుకుని చూసి, అవునన్నట్టు తలూపారు. వీరాస్వామి గారు తలపాగా మళ్ళీ చుట్టుకున్నారు. అలా చుట్టుకుంటున్నంతసేపూ ఆయన చేతులు కొద్దిగా వణికాయి. నేను వెనక్కి తిరిగాను. గోడకి ఆనుకుని నిలబడ్డ మా ఆయన నన్నే చూస్తున్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాక చాలాసేపు డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉన్నారు.

"సుధా, ఫోన్‌లో నీ ఇష్టం అన్నాను కదా. అది అబద్ధం. నువ్వే వద్దనుకుంటావని లోపల ఆశపడ్డాను."

"నాకు అనుమానంగానే ఉందండి."

"ఇప్పుడేమో నువ్వు వద్దంటావేమోనని భయంగా ఉంది. ఆ రైతు చేతులు చూశావా?" అని ఆగి, "మధ్యలో రాజమండ్రి ఉంది కదా. అక్కడ ఇల్లు తీసుకుందాం. పొద్దున్నే స్టేషన్‌కి కలిసే వెళ్దాం. నేను ఇటు రైలెక్కుతాను, నువ్వు అటు రైలెక్కు. టీ మాత్రం ప్లాట్‌ఫాం మీద తాగుదాం, రెండు గ్లాసులు" అన్నారు.

నేను ఆయన ముఖమంతా వెతికాను. ఎక్కడా 'నీ ఇష్టం' కనబడలేదు. ఆయన ఇష్టమే కనబడింది.

"లోపలికెళ్ళి చెప్పేస్తానండి."

"ఇంకా పదమూడు రోజులున్నాయి కదా. అప్పుడే చెప్పేస్తే మళ్ళీ రావడానికి వంక ఉండదు" అన్నారు దిగులుగా.

నాకూ ఆశ పుట్టింది, నిజం చెప్పాలంటే. కానీ గుమ్మం దగ్గర వరసగా సీసాలున్నాయి. అడగ్గానే గడువిచ్చిన మనిషిని ఊరికే ఆపడానికి మనసొప్పలేదు. లోపలికి వెళ్ళి, వస్తానని చెప్పాను.

జోగేశ్వరరావు గారి ముఖం విప్పారింది. "జాయినింగ్ ఇరవై ఎనిమిది, సోమవారం. సంతకాలు ఇప్పుడే..."

"సంతకాలు ఇవాళ కుదరవండి" అన్నారు, అప్పుడే మజ్జిగ గ్లాసులతో వచ్చిన మీనాకుమారి గారు. "వచ్చే ఆదివారం రావాలి. ఇద్దరూ."

"ఎందుకు కుదరవు?"

ఆవిడ భర్త కేసి ఒక్క చూపు చూశారు. ఆయన కళ్ళు ఒకసారి మా ఇద్దరి మీదుగా వెళ్ళి బల్ల మీదికి దిగాయి.

"ఆఁ, అవునవును. ప్రింటర్ పాడైందమ్మా."

ఆయన మోచేతి పక్కనే ప్రింటర్ గరగరమంటూ వీరాస్వామి గారి రిపోర్టు బయటికి తోస్తోంది.

"చాలా థాంక్సండి" అన్నాం ఇద్దరం, ఒకేసారి.