గీత తెగిన చోటు

గోడకు అంటించిన కాగితం చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న తాను గీసినప్పుడు రెండు ముక్కలుగా ఉన్న వక్రరేఖ ఇవాళ ఒకటే గీతగా, ఏమీ ఎరగనట్టు నున్నగా సాగిపోతోంది.

ఆ కర్మాగారంలో మనిషి కంటే ఎత్తైన ఫ్యాన్లు తయారుచేస్తారు. ఒక్కో వేగానికీ ఒక సమీకరణం. కంప్యూటర్ దాని మూలాన్ని, అంటే ఆ సమీకరణాన్ని తీర్చే విలువను, వెతికిపెడితే ఆమె ఒక చుక్క పెడుతుంది. చుక్కలు కలిపితే గీత. గీత ఉన్నంత మేరా రెక్కలు నిలకడగా తిరుగుతాయి. పై వేగాల్లో ఒకచోట మాత్రం మూలం దొరకలేదు. ఎన్ని అంచనాలతో మొదలుపెట్టి వెతికినా అంతే, లేనిది ఎక్కణ్ణించి వస్తుంది? అక్కడ రెక్కలు ఊగి ఊగి విరుగుతాయని అర్థం. అందుకే ఆ మేర ఖాళీగా వదిలేసింది.

ఆ ఖాళీని పూడ్చింది పరాయివాడైతే ఇంత మండేది కాదు. సొంత బాబాయి! ఈ పని నేర్పినవాడు, ఆ విభాగానికి పెద్ద. వెళ్ళి అడిగితే కంప్యూటర్ అన్నాక తడబడుతుందన్నాడు. అటూ ఇటూ చుక్కలుంటే మధ్యలో గీత ఎక్కడికి పోతుందన్నాడు. కొనేవాళ్ళు వచ్చి కూర్చున్నారు, గోరంతను కొండంత చెయ్యొద్దన్నాడు.

ఇవాళ కొనేవాళ్ళ ముందు జరిగే పరీక్షలో ఫ్యాను పక్కన నిలబడి వేగం పెంచాల్సింది ఆమె తమ్ముడు. అంటే ఆయన అన్నకొడుకే. వాడికి బాబాయి మాట వేదం. అక్క ఎంత మొత్తుకున్నా నీకన్నీ అనుమానాలేనని కొట్టిపారేశాడు.

ఇక వీళ్ళతో మాటలు దండగ అనుకుంది. పరీక్ష గదిలోకి కుర్చీ ఈడ్చుకొచ్చి ఫ్యాను పక్కన వేసింది. కొనేవాళ్ళందరూ చూస్తుండగా బాబాయి వైపు తిరిగింది.

"గీత మీరు గీశారుగా బాబాయ్. వచ్చి ఇక్కడ కూర్చోండి."

రాకపోతే పరువు పోతుంది. ఆయన నవ్వు తెచ్చిపెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఫ్యానును ఆపే మీట మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. తమ్ముడు వేగం పెంచాడు. గాలి హోరెత్తింది. వేగం చూపే ముల్లు పైకి పాకుతోంది. ఆమె ముల్లును చూడలేదు, బాబాయి ముఖమే చూస్తోంది. ఖాళీ మొదలయ్యే వేగం ఇంకా రానేలేదు, ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఆపరా! ఆపెయ్!"

ఆమె మీట నొక్కింది. రెక్కలు నెమ్మదించాయి, ఏదీ విరగలేదు.

అంతవరకూ ఆమెకు ఏదో మూల, పెద్దాయన పొరపాటు పడ్డాడేమోనని ఆశ ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

"కుర్చీలో మీరున్నారు కాబట్టి ఆపమన్నారు. వాడొక్కడే ఉంటే?"

తమ్ముడు కాసేపు అక్కను, కాసేపు ఆయన్ను చూశాడు. జన్మలో మొదటిసారి బాబాయికి ఎదురు ప్రశ్న వేశాడు.

"మీకు ముందే తెలుసా?"